ఒడ్డు దాటనివ్వం

2020 ఆగస్టు, ఒక ఆదివారం మధ్యాహ్నం. కొడుకు అమెరికన్ సమోవా దీవిలో, ఒక బడికి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్; తల్లి హవాయిలోని హోనలులులో. మధ్యలో ఫోను.

"అది కాదురా సెఫో, ఉన్నవి ఆరు జట్లే. దానికి పది వారాలు దేనికంటున్నా."

"పది ఎప్పటి మాటమ్మా. ఈసారి కుదించేశాం. శుక్రవారం రాత్రి ఆటలు ఎత్తేశాం. అన్నీ శనివారం పగలే, ఒకే మైదానంలో, ఒకదాని వెనక ఒకటి. నవంబరాఖరుకి, థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఫైనల్ అయిపోవాలి."

"జనం?"

"లోపలికి రానివ్వం. గేటు బయట కార్లలో కూర్చుని చూడొచ్చు. హారన్ కొట్టుకోవచ్చు."

"మీ ఊళ్ళో జబ్బే లేదు కదా, మళ్ళీ గేటెందుకు?"

"మీ ఊరేంటమ్మా, మన ఊరు."

"గుండె ఆపరేషనని రెండు వారాలకి వచ్చాను, ఐదు నెలలైంది. నోరు అలా అలవాటు పడింది. చెప్పు, గేటెందుకు?"

"జబ్బు లేదు కాబట్టే. ఒక్కటంటే ఒక్క కేసు వచ్చిందనుకో, బడి మూత, సీజన్ మూత. హవాయిలో వాయిదా వేశారు, కాలిఫోర్నియాలో వేశారు. ఇవాళ నిశ్చింతగా ఫుట్‌బాల్ ఆడగలిగేది మన పిల్లలే. దేవుడిచ్చిన అవకాశం."

"దేవుడా ఇచ్చింది? విమానాలు ఆపింది గవర్నరనుకున్నానే."

"అమ్మా, మొదలెట్టకు."

"నేనేం మొదలెట్టలేదు. ఆట గురించే అడుగుతున్నా. మధ్యలో వంగి బంతి వెనక్కి అందించేవాడు ఎవడు ఈసారి?"

"లెఫిటి రెండో కొడుకు, తాలో."

"చర్చిలో బెంచీ విరగ్గొట్టినవాడా?"

"వాడే. ఇంకా లావయ్యాడు. వాడి వెనక నిలబడితే మన పెనికి గోడ వెనక నిలబడ్డట్టే. నీ మనవడు ఈ ఏడు బంతి విసురుతుంటే చూడాలమ్మా నువ్వు. ఎడమ చేత్తో అన్నం తినడం రాదు గానీ, ఎడమ వైపు పరిగెడుతూ మైదానం ఆ చివరికి విసురుతున్నాడు."

"చూడాలంటే ఎలా చూడను?"

"వీడియో పంపిస్తా."

"ఆహా. వీడియో."

"కాలేజీ వాళ్ళకీ వీడియోలే. ప్రతి ఏడూ వాళ్ళే విమానమెక్కి వచ్చి, ఆట చూసి, ఫీజు లేని సీటుకి పిల్లల్ని ఎంచుకునేవాళ్ళు. ఈసారి ఎవడూ రాలేడు కదా. ఆఖరి ఏడాది పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు నా దగ్గర. ఆట లేకపోతే వీడియో లేదు, వీడియో లేకపోతే కాలేజీ లేదు. చేపల ఫ్యాక్టరీ, కాదంటే సైన్యం. పెనికైనా అంతే."

"నాకు చెప్తావేంట్రా. మీ నాన్న ముప్ఫై ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే చేపల తలకాయలు కోశాడు. ఎంత తోముకున్నా ఒంటి వాసన పోయేది కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే వెనక వరసలో కూర్చునేవాడు పాపం."

"అందుకేగా నా తాపత్రయం. శుక్రవారం పాస్టరు గారొచ్చి జట్టుకి ప్రార్థన చేస్తారు. తెడ్డుకి కొబ్బరినూనె రాయించి, మళ్ళీ గుమ్మం మీద బిగించాం."

"తెడ్డు."

"తాత పడవ తెడ్డమ్మా. బట్టలు మార్చుకునే గది గుమ్మం మీద ఉంటుంది కదా. కొత్త పిల్లలకి నేర్పుతున్నా. ఒక్కొక్కడూ ఎగిరి దాన్ని తాకాలి, 'ఒడ్డు మాది, ఒడ్డు దాటనివ్వం' అని అరవాలి, మైదానంలోకి దూకాలి. అవతలి జట్టువాళ్ళకి సగం గుండె అక్కడే జారిపోతుంది."

"ఎటువైపు తాకుతారు?"

"వెడల్పు వైపు. చేతి పట్టు తాతది కదా, దాన్ని ఎవరూ ముట్టకూడదని నియమం పెట్టాను."

"మంచి నియమమే."

"ఏంటమ్మా, వెటకారమా?"

"కాదులే. ఇంటి ముంగిట నాన్న సమాధికి సున్నం వేశావా?"

"వేశాను. గుమ్మంలోంచి చూస్తే కళ్ళు జిగేలుమంటున్నాయి."

"పక్కన ఖాళీ జాగా?"

"అమ్మా."

"అడిగినదానికి చెప్పు. నాకని వదిలిన జాగాలో కారు పెట్టడం లేదు కదా?"

"లేదు."

"పెని పెడుతున్నాడని నీ పెళ్ళామే చెప్పింది."

"తీయించేస్తాలే. వర్షానికి అటు బురదగా ఉంటే పెట్టుంటాడు. సరే గానీ, డాక్టరేమన్నాడు?"

"డాక్టరేమంటాడు. గుండె అన్నాడు. గురువారం సభలో నువ్వేమన్నావు?"

"ఏ సభ?"

"ఎన్ని సభలకి వెళ్తున్నావేంట్రా? విమానాలు వదలాలా వద్దా అని పెట్టిన సభ. బడుల తరఫున నువ్వే మాట్లాడావట కదా."

"ఆ, అదా. ఏముంది. బస్సులో సగం మందే ఎక్కాలి, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళదే, హెల్మెట్లు మార్చుకోకూడదు, అలాంటివి."

"ఇంకా?"

"ఇంకా అంటే, చేతులు కడుక్కోవడం."

"ఇంకా?"

"అంతేనమ్మా. ఇవాళ చర్చి నుంచొచ్చాక ఏం వండారక్కడ? తాసీ అక్కకి చేమాకు దొరికిందా?"

"దొరికింది. కొబ్బరిపాలే డబ్బావి, నోట్లో పెడితే సబ్బు. 'డిసెంబరు దాకా తలుపు తియ్యకండి' అన్నదెవరురా?"

"రేడియో విన్నావా?"

"నేనొక్కదాన్నే అయితే బాగుండేది. ఇంటికి రాలేక ఇక్కడ చిక్కుకున్నవాళ్ళందరినీ చర్చి హాలుకి నేనే పిలిచాను. మా అబ్బాయి మాట్లాడుతున్నాడు, మన గురించి నాలుగు ముక్కలు చెబుతాడు, రండి అని. తాసీ ఫోను బల్ల మధ్యలో పెట్టింది. కాఫీలు కూడా పోయించాను. నీ గొంతు వినబడగానే చప్పట్లు కొట్టారు."

"అమ్మా, నేను…"

"తర్వాత ఎవరూ నన్నొక్క మాట అనలేదు. కాఫీ కప్పులు ఎవరివి వాళ్ళే కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. నాలుగు తిట్టి వెళ్ళినా బాగుండేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు."

"నేను మన మంచికే అన్నానమ్మా. పోయినేడు పక్క దీవిలో తట్టు సోకినప్పుడు చూశావుగా. పోయినవాళ్ళు దాదాపు అందరూ పసిపిల్లలే. ఆ చిన్న చిన్న పెట్టెలు టీవీలో చూసి అన్నం మానేసింది నువ్వు. అటు నుంచి ఎవర్నీ రానివ్వకూడదని అన్నదీ నువ్వే."

"అన్నాను. ఇప్పుడూ కాదనను."

"మరి నా తప్పేంటి?"

"తలుపు మూయడం తప్పని అన్నానా? మూసిన తలుపుకి ఆనుకుని ఫైనల్ ఎప్పుడో లెక్కేసుకుంటున్నావు చూడు, అదీ నేనంటున్నది. డిసెంబరెందుకు వచ్చింది నీ నోట? జబ్బు నీ మ్యాచ్‌ల క్యాలెండర్ చూసుకుని పోతుందా?"

"పద్నాలుగు మంది పిల్లల బతుకులమ్మా."

"ఇక్కడ ఉన్నవాళ్ళవీ బతుకులే. వాటికంటే కాస్త పాతవి. నేను చెల్లెలి కూతురు తాసీ ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నా. రాత్రి బాత్రూముకి లేవాలంటే దాని మొగుడు నిద్ర లేస్తాడేమోనని బిగబట్టుకుంటున్నా. చెప్పుకుంటే సిగ్గు."

"డిసెంబరు దాకా ఓపిక పట్టమ్మా. మొదటి విమానంలో నువ్వే. నేను, పెని, తాలో అందరం వస్తాం. ఆ తాలోగాడు నిన్ను కుర్చీతో సహా ఎత్తుకొస్తాడు."

"డాక్టరు డిసెంబరు మాట ఎత్తడం లేదురా."

"అంటే?"

"అంటే ఎత్తడం లేదు. 'క్రిస్మస్‌కి ఇంటికెళ్ళిపోతాను' అన్నాను. 'దగ్గరివాళ్ళెవరైనా ఈలోగా ఇక్కడికి రాగలరా' అని అడిగాడు."

"ఎప్పుడన్నాడమ్మా?"

"బుధవారం."

"బుధవారమా? సభకి ముందు రోజు? మరి నాకు ఫోన్ చెయ్యొద్దా? ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పకపోతే ఏమంటావో విందామనుకున్నాను. విన్నాను."

"రేపే వెళ్తాను. మాట వెనక్కి తీసుకుంటాను. మా అమ్మ పరిస్థితి ఇదీ అని వాళ్ళకి చెప్తాను."

"చెప్పకు. ఇక్కడున్నవాళ్ళంతా ఎవరో ఒకరి అమ్మా నాన్నలే. నా ఒక్కదాని కోసం విమానమొస్తే నేనెక్కను. నాతో పాటు ఆ జబ్బు కూడా ఎక్కి కూర్చుంటే? పెని మీద పడితే? నాకు ఇంటికి రావాలని ఉందిరా. మీ నాన్న పక్కన పడుకోవాలని ఉంది. రోజూ అదే ధ్యాస. అయినా నిన్ను తలుపు తియ్యమని అడగను."

"మరి నన్నేం చెయ్యమంటావు? ఇదీ వద్దు, అదీ వద్దంటే ఏం చెయ్యను?"

"ఆట ఆడించుకో. నేనడిగేది ఒక్కటే. ఆ తెడ్డు దించెయ్."

"తెడ్డా?"

"దించెయ్. పొయ్యిలో పెడతావో, సముద్రంలో పడేస్తావో నీ ఇష్టం."

"నా మీద కోపం దాని మీద చూపిస్తావేంటమ్మా? పిల్లల ధైర్యమంతా అందులోనే ఉంది. పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో ఆ విషజ్వరం అవతలి దీవిలో ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టింది. మా తాత తెడ్డు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు, వచ్చిన పడవని తిప్పికొట్టాడు, ఇటువైపు ఒక్క ప్రాణం పోలేదు. అదే చెప్పాను సభలో. నిజమేగా? చిన్నప్పుడు పడుకోబెట్టి చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"దానికేగా తాతకి ఊళ్ళో పెద్దరికం కట్టబెట్టారు. మనింటికి ఆ పేరొచ్చింది దానివల్లేగా."

"మీ తాత దాన్ని ఎక్కడ ఉంచేవాడో గుర్తుందా నీకు?"

"వంటపాకలో. కట్టెల వెనక."

"ఎందుకలా?"

"గొప్పలు చెప్పుకునే మనిషి కాదు కదా."

"నువ్వూ అదే అనుకున్నావన్నమాట. మీ మామయ్య దాన్ని బడికిచ్చింది ఆయన పోయాకే. బతికుండగా ఎవర్నీ దాని జోలికి పోనిచ్చేవాడు కాదు. ఊరివాళ్ళు ఆ కథ ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. పోయేముందు నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పాడు. నేను మీకు సగమే చెప్పి పెంచానురా సెఫో."

"ఏంటి రెండో సగం?"

"ఆయన అక్కని అవతలి దీవిలో ఇచ్చారు. పురిటికని ఇటు నుంచి సాయం వెళ్ళారు. జ్వరం వచ్చి అక్క పోయింది, బిడ్డా పోయింది. పాతిపెట్టి, పడవ మాట్లాడుకుని, తెల్లారేసరికి మన ఒడ్డుకి వచ్చారు."

"అది మనవాళ్ళ పడవా? ఆ సంగతి తాతకి తెలుసా?"

"ముద్దుపేరు పెట్టి పిలిస్తే తెలీకుండా ఉంటుందా?"

"ఎవరు పిలిచారు?"

"ఒంట్లో జ్వరం ఉందో లేదో ఎవరూ చూడలేదు. పై నుంచి ఉత్తర్వు, వెనక ఊరంతా నిలబడి చూస్తోంది. పడవ మళ్ళీ అటే పోయింది. అక్కడ మనుషుల్ని ఒకే గోతిలో వేస్తున్న రోజులవి. సమాధి అని చూపించడానికి ఒక రాయి కూడా లేదు."

"అమ్మా, ఎవరున్నారు పడవలో?"

"ఆయన తోసెయ్యడానికే తెడ్డు చాపాడు. మీ పిల్లలు ఎగిరి తాకుతున్నారే, ఆ వెడల్పు కొస, దాన్ని రెండు చేతులా పట్టుకుంది ఆయన కన్నతల్లి. కొడుకు ఒడ్డుకి లాగుతున్నాడనుకుంది."