జితేందర్ ట్యాంకు సెట్ చేసిన రోజు

అమెరికాలోని నోవైలో శనివారం మధ్యాహ్నం. బయట మంచు కురుస్తోంది. జితేందర్ వాళ్ళమ్మాయి పుట్టినరోజుకి వచ్చినవాళ్ళలో ముగ్గురు అతనితో పాటు గరాజ్‌లో హీటర్ ముందు చేరి టీ తాగుతున్నారు: రాజీవ్, ఈషాన్, జితేందర్ ఆఫీసులోనే పనిచేసే చంద్రిక. సిగరెట్లు మానడానికని రాజీవ్ కొత్తగా వేప్, అంటే బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్, మొదలుపెట్టాడు. ఒక దమ్ము లాగి మొహం చిట్లించాడు.

"గుడ్డ కాలిన వాసనండీ. దీనికంటే సిగరెట్టే నయం. ఇంటికెళ్తూ ఒక పెట్టె కొనేస్తాను."

"ఆగు రాజీవ్ భాయ్," అన్నాడు జితేందర్, కుర్చీ ముందుకి జరుపుకుని. "తొందరపడి పాత తొవ్వ పట్టకు. పోయిన చలికాలం మా ఆఫీస్‌ల బ్రయన్ అని ఒకడు, అచ్చం నీ లెక్కనే ఏడ్చిండు. వేప్ జ్యూస్ పోసే ట్యాంకు నా చేతుల పెట్టి, జిత్, ఇగ పారేస్తున్న అన్నడు. నేను పెద్దగ ఏం జెయ్యలే. లోపల వేడెక్కే కాయిల్ మార్చిన. దాంట్ల దూది ఉంటది గదా, ఆ దూదికి నాలుగు చుక్కల జ్యూస్ పట్టిచ్చిన, ట్యాంకు నింపి కొద్దిసేపు పక్కన పెట్టిన. మనోళ్ళు నింపంగనే లాగుతరు, పొడి దూది కాలక ఏమైతది? పప్పు నానకముందే రుబ్బితే గారెలైతయా?"

"కావు," అన్నాడు ఈషాన్.

"అంతే. వాట్స్ తగ్గించిన, కింద గాలి రింగు సగం తెరిచిన. అది మామిడి జ్యూస్. ఒక దమ్ము లాగిన, అసలు బంగినపల్లి. ఇంకో దమ్ము లాగిన, రసం గొంతుల దిగింది. ఇంకోటి లాగినంక పళ్ళ సందుల పీచు ఇరికింది."

"పీచా?" అన్నాడు రాజీవ్.

"టూత్‌పిక్ పెట్టి తీసిన అన్నా, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? పొగ చాల్తలేదని రింగు మొత్తం తెరిచిన, చిక్కటి జ్యూస్ పోసిన, వాట్స్ మెల్లగ పెంచుకుంట పోయిన. ఇదే గరాజ్. ఒక్కసారి ఊదితే నా కారు నాకే కనవడలే. రిమోట్ నొక్కి, హారన్ ఎటు మోగుతదో విని, తడుముకుంట పోయి తలుపు ఎత్తిన. పొగ బయటికి దొర్లింది, డ్రైవ్‌వే మీద మంచంత కరిగింది. ఆ రోజు నేను పార ముట్టలే. మంచు తోసే బండి, స్నోప్లౌ వచ్చింది, డ్రైవర్ దిగిండు, వాసన పీల్చిండు, బండి నడిరోడ్డు మీదనే వదిలి మా లాన్‌ల పండుకున్నడు."

"చలిలోనా?" అన్నాడు రాజీవ్.

"చలెక్కడిది? ఎండాకాలం వచ్చిందనుకొని మా వీధిల చెట్లు చిగురేసినయ్. ఇగ ఆ పొగ పోయి పోయి ఎయిర్‌పోర్ట్ మీద కమ్ముకుంది. విమానాలు దిగనీకి లేదు, పైన్నే చక్కర్లు. లోపలున్నోళ్ళు ఏమన్నా గొడవ జేసిన్రా అంటే, లేదు. వాసనకే కడుపు నిండింది, లంచ్ వద్దన్నరట. ఆగు, అయిపోలే. సాయంత్రానికి వందల మైళ్ళ అవతలున్న ఆష్‌బర్న్‌కెళ్ళి మా బామ్మర్ది ఫోను. బావా, మా డేటా సెంటర్ల పొగ నిండింది, సర్వర్లు కనవడ్తలేవు అన్నడు. నేనేమన్న? ఇన్నేండ్లు క్లౌడ్ క్లౌడ్ అని నా చెవులు తింటివి గదరా, ఇగో, అసలుది పంపిన అన్న."

ఈషాన్ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. రాజీవ్ మాత్రం నవ్వలేదు. తన ట్యాంకు తీసి జితేందర్ చేతిలో పెట్టాడు.

"విమానాల సంగతి వదిలేయండి. ఇది కూడా అలాగే సెట్ చేసి పెట్టండి. నేను మళ్ళీ సిగరెట్ ముట్టుకుంటే మా ఆవిడ మొహం చూడలేను."

జితేందర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పైన తెరవాలో కింద తెరవాలో తెలియలేదు. "ఇది వేరే మోడల్ లెక్కుంది," అన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని చంద్రిక కప్పు కింద పెట్టింది.

"మా ఆఫీసులో బ్రయన్ అని ఎవరూ లేరు. ఆ ట్యాంకు నాది."

ఇంటి లోపలికి తెరుచుకునే తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"అవును, నేను తాగేదాన్ని. ఇక్కడ ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలిస్తే తెలిసింది. నాదీ ఇలాగే మాడు వాసనొస్తుంటే, జితేందర్ గారు ఇలా ఇవ్వండి నేను చూస్తానని వేప్ మొత్తం ఇంటికి పట్టుకెళ్ళారు. తిరిగిచ్చినప్పుడు తళతళా మెరిసిపోతోంది. ఒక్క దమ్ము లాగాను, నోటినిండా నిమ్మకాయ సబ్బు."

"సబ్బెలా వచ్చింది?" అన్నాడు రాజీవ్.

"డిష్‌వాషర్‌లో వేశారండీ. బ్యాటరీతో సహా."

జితేందర్ హీటర్ వైపే చూస్తూ, "హెవీ సైకిల్ పెట్టలే," అన్నాడు మెల్లగా. "నార్మలే పెట్టిన."

"ఆ రుచి వారం దాకా నాలుక వదల్లేదు. మళ్ళీ కొనబుద్ధి కాలేదు. అప్పట్నుంచి వేప్ లేదు, సిగరెట్టూ లేదు."

రాజీవ్ జితేందర్ చేతిలోంచి తన ట్యాంకు తీసుకున్నాడు. లేచి, ఇంటి లోపలికి తలుపు తెరిచాడు.

"జితేందర్ గారూ, మీ డిష్‌వాషర్ ఖాళీగా ఉందా?"