తొమ్మిది చోట్ల తగ్గిన నక్షత్రం

"చిన్న కథ. టీ చల్లారేలోపు అయిపోతుంది," అన్నాడు శ్రుతి మావయ్య. ఆ మాట అనేసరికి పదకొండు. మూడో టీ కూడా చల్లారింది గానీ కథ మొదలు కాలేదు. ముందు తన మోకాలి గురించి చెప్పాడు, తర్వాత హార్మోనియం కొని దాని మీద బట్టలు ఆరేసే మనుషుల గురించి చెప్పాడు, మధ్యమధ్య రోడ్డుకి అవతల మేమంతా నక్షత్రాల ఆఫీసు అని పిలిచే మేడకేసి, రెండో అంతస్తు కిటికీకేసి చూశాడు.

ఆయన హార్మోనియంలు బాగుచేసి శ్రుతి కలుపుతాడు, ఆ పేరు అందుకే. నిజానికి ఆయన ఒక్కరికే మావయ్య, ఆ ఆఫీసులో పనిచేసే మేనకోడలికి. ఆ పిల్ల పిలవగా విని వీధంతా అలాగే పిలుస్తోంది. భయం వేస్తే ఆయనకి మాటలు ఎక్కువవుతాయి. భయం లేనప్పుడు కూడా తక్కువేం కాదు కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం. ఆ రోజు టీకొట్టు పిన్ని పట్టుకుంది. మొదటి టీలో పంచదార వేయడం మరిచిపోతే, ఆయన ఏమీ అనకుండా తాగేశాడు.

పైన ఏం జరగబోతోందో అందరికీ తెలుసు. మేనకోడలు రెండేళ్లుగా ఒకే ఒక్క నక్షత్రం వెంట పడింది. దాని వెలుగు లెక్కల్ని ధ్వనిగా మార్చింది. వెలుగు తగ్గితే స్వరం దిగుతుంది. పన్నెండింటికి దాన్ని పెద్దలకు వినిపించాలి. వాళ్లలో ముఖ్యుడికి చూపు లేదు. గీతలు, బొమ్మలు ఆయనకి పనికిరావు, విని తేలుస్తాడు. బాగుందని తేలిస్తే పని సాగుతుంది. లేకపోతే ఈ నెలతో పిల్ల ఉద్యోగం సరి.

"మొన్న ఆదివారం," అని చివరికి మొదలుపెట్టాడు మావయ్య, "మా పిల్ల వచ్చి, మావయ్యా, నీ చెవి మంచిది, ఒకసారి విని పెట్టు అంది. కాదంటానా. మేడెక్కాను. తొంభై రోజుల వెలుగు తొంభై సెకన్లలో వినిపిస్తుందట, రోజుకో సెకను. విన్నాను. నక్షత్రం గొంతు మంచిదే గానీ, అక్కడక్కడ శ్రుతి తగ్గుతోంది. వెంట్రుకవాసి. మామూలు చెవికి అందదు."

"నీ చెవికి అందింది," అన్నాడు ఆఫీసు బస్సు డ్రైవరు బిస్కెట్టు నముల్తూ. ఈయన బస్సు వారానికోసారి దారిలో ఆగిపోతుంది. ఆగిపోయే ముందు అది చేసే చప్పుడు ఊరందరికీ వినిపిస్తుంది, ఈయనకి తప్ప.

"అందబట్టే చెబుతున్నా అల్లుడూ. పిల్ల టీకని కిందికి దిగింది. తెర మీద గీత ఉంది, నా చేతిలో మౌసు ఉంది. శ్రుతి తగ్గినచోట గీతని పట్టుకుని పైకి లాగితే కలిసిపోతోంది. అలాగని ఊరికే లాగేస్తానా, మా పనికో పద్ధతుంది. ఏ రీడు ఎంత తగ్గిందో పుస్తకంలో రాసుకోకుండా ఆకురాయితో అరగదీయకూడదు. మా గురువు చేతి మీద కొట్టి నేర్పాడు. రాసుకున్నాను, లాగాను. తొమ్మిది చోట్ల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నక్షత్రం సర్దుకుంది."

"కంప్యూటర్లో," అన్నాడు డ్రైవరు.

"పైన. ఆకాశంలో. మర్నాడు పొద్దున్నే ఎక్కడో సముద్రాలకి అవతల నుంచి ఫోను. మీ దగ్గర ఎవరో నక్షత్రానికి శ్రుతి కలిపారట, మా దగ్గర పద్నాలుగు ఉన్నాయి, అన్నీ అపస్వరాలే, ఫోనులో చేసిపెడతారా అని. ఈల వేశాను. ఈల వినగానే ఒక్కోటీ గొంతు సవరించుకుంది. అందులో ఒకటి బాగా ముసలిది, పళ్లు పోయాయి, దానికి 'స' పలకదు. దాన్ని వదిలేయమన్నాను. వయసుకి మర్యాదివ్వాలి కదా."

"చంద్రుడి మాటేమిటి?" అంది పిన్ని.

"ఆయన తనే వచ్చాడు, మా కొట్టుకి. పగటిపూట ఒక్కోసారి వెలిసిపోయి కనిపిస్తాడు చూడు, ఆ వేషంలో. వరసలో నించో అన్నాను. ముందు స్కూలు హార్మోనియం ఉంది, హెడ్మాస్టరుకి మాటిచ్చాను. సూర్యుడు పావు స్వరం తక్కువలో ఉన్నాడు గానీ, ముట్టుకోలేదు. ఆయన్ని విప్పాలంటే ఒక పూట ఆపాలి. జనానికి బట్టలారవు."

డ్రైవరు నవ్వి నవ్వి దగ్గాడు. మావయ్య నవ్వలేదు. కిటికీకి ఎవరో తెర లాగారు. పన్నెండుకి పావుగంట ఉంది.

పిన్ని గ్లాసు కడుగుతూ అడిగింది. "ఏమయ్యా, నీ మేనకోడలు నాకో మాట చెప్పింది. ఏదో గ్రహం ఆ నక్షత్రానికి అడ్డం వెళ్లినప్పుడు వెలుగు తగ్గుతుందట. ఆ తగ్గే చోట్ల కోసమే రెండేళ్లుగా కళ్లు కాయలు చేసుకుందట. నువ్వు లాగేసింది వాటినేనా?"

డ్రైవరు నమలడం ఆపాడు.

"పొద్దున తెలిసింది," అన్నాడు మావయ్య. "బస్సు దిగుతూ చెప్పింది. ఏడు చోట్ల స్వరం దిగుతుంది మావయ్యా, పెద్దాయన అవి వింటే చాలు అని. ఆదివారం నుంచి మిగతా పెద్దలకి చూపించే కాగితాలు సర్దుకోవడమే సరిపోయింది, ఆ ధ్వని మళ్లీ విననే లేదట."

"నువ్వేమన్నావు?"

"చల్లగా ఉండమన్నాను."

"ఇప్పుడైనా వెళ్లి చెప్పు."

"ఇరవై ఏళ్లుగా ఆ పిల్లకి చెప్పిందంతా కోతలే. ఇదీ అందులో కలిపేసుకుంటుంది."

"పుస్తకం చూపించు," అంది పిన్ని. "అది నీలా మాట్లాడదు కదా."

చంద్రుణ్ణి వరసలో నించోబెట్టిన మనిషికి బెంచీ మీద నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. చొక్కా జేబు తడుముకున్నాడు, పుస్తకం ఉంది. రోడ్డు దాటాడు. ఎదురొచ్చిన వాళ్లు పలకరిస్తే బదులివ్వకుండా ఆయన నడవడం మేము చూడటం అదే మొదలు.

మిగతాది సాయంత్రం మేనకోడలే వచ్చి పిన్నికి చెప్పింది. మోకాలు రెండు అంతస్తులకి ఒప్పుకోక, ఆయన తలుపు తోసేసరికి వినడం అయిపోయిందట. ఇంత నున్నగా ఏ నక్షత్రమూ ఉండదు, ఎవరో చెయ్యి పెట్టారు అంటున్నాడట పెద్దాయన. మావయ్య "నేనే" అన్నాడట. ఇంకొక్క ముక్క కూడా కలపలేదట.

పుస్తకం పైకి చదివారు. అసలు లెక్కలు పదిలంగానే ఉన్నాయి కాబట్టి వాటితో మళ్లీ వినిపించారు. పిల్ల నమ్ముకున్న ఏడూ గ్రహం కాదని తేలింది. ఏడూ పదమూడేసి సెకన్ల ఎడంతో వస్తున్నాయి, ఆ వెలుగు పట్టే దూరదర్శినికి పదమూడు రోజులకోసారి అద్దం సర్దుతారని పెద్దాయనకి గుర్తుంది. సర్దినప్పుడల్లా వెలుగు తగ్గినట్టు లెక్కలోకి ఎక్కింది. రెండేళ్లూ అద్దానికి పోయాయి.

పుస్తకంలో ఇంకో రెండు మిగిలాయి, ముప్ఫయ్యో సెకను, డెబ్భై ఒకటో సెకను. గీతల్లో ఎవరి కంటికీ ఆననివి. పెద్దాయన ఐదుసార్లు వినిపించుకుని, ఉన్నాయన్నాడు. అవేమిటో తేల్చడానికి పిల్లకి ఏడాది గడువిచ్చారు. మావయ్య మౌసు ముట్టుకోనని కాగితం మీద సంతకం పెట్టాడు. వారానికో రోజు పుస్తకంతో రమ్మన్నారు.

మర్నాడు కొట్టు దగ్గర బెంచీలు చాలలేదు. డ్రైవరు తన తువ్వాలుతో తుడిచి మరీ కూర్చోబెట్టాడు. మావయ్య మోకాలి గురించి చెప్పాడు. చంద్రుడు మళ్లీ వచ్చాడనీ, స్కూలు హార్మోనియం ఇంకా అవలేదని పంపించేశాననీ చెప్పాడు. అది కాదు, మేడ మీద సంగతి చెప్పమన్నారు అందరూ.

"అది జరిగింది కదా," అన్నాడు మావయ్య. "అందులో చెప్పడానికేముంది."