పెళ్ళి క్యాసెట్టు, కొత్త ఐసీ

రాజమండ్రిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆయన ఆంప్లిఫయర్ విప్పి, లోపల శబ్దాన్ని పెంచే ఆప్-ఆంప్ ఐసీ చిప్పు మార్చి, తమ పెళ్ళి క్యాసెట్టు పెట్టాడు. ఆవిడ వంటింట్లో ఉంది.

“ఇలా రా! ఐసీ కాకినాడ నుంచి తెప్పించాను. గరగరంతా పోయింది, విను.”

“ఇక్కడికి వినపడుతోందండీ. ఇంక భోజనానికి రండి.”

“ఉండు. సన్నాయి వెనకాల ఎవరో ఏడుస్తున్నారేంటి?”

“పెళ్ళన్నాక పిల్లలు ఏడవరా? కట్టెయ్యండి.”

“చిన్నపిల్ల కాదు. ‘మావయ్యా, బుట్ట దించు, నాకీ పెళ్ళొద్దు’ అంటోంది... ఇది నీ గొంతు కదా!”

“అన్నం చల్లారిపోతోందండీ.”

“ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఒక్కసారీ వినపడలేదే!”

“మీకు వినపడలేదండీ. బుట్ట మోసిన మా మావయ్యలకి ఆ రోజే వినపడింది.”