అన్న మెచ్చుకున్న లిఫ్ట్

మిల్వాకీలో నోరీన్ తలుపులు, అల్మారాలు చేసి బతుకుతుంది. చెక్క అంచులు చెక్కే రౌటర్‌ను బల్ల కింద పట్టి ఉంచి, పిడి తిప్పితే పైకీ కిందికీ జరిపే లిఫ్ట్ ఒకటి కొనుక్కుంది. పనిముట్ల గురించి వీడియోలు చేసే అన్న హార్లన్ దాన్ని ఒక వీడియోలో తెగ మెచ్చుకున్నాడు మరి. శనివారం పొద్దున్నే దాన్ని మోసుకుని అతని గరాజ్‌కి వచ్చింది.

"నీ మాట నమ్మాను అన్నయ్యా. అంచు చెక్కుతుండగానే కిందికి జారిపోయింది. వాల్‌నట్ చెక్క తలుపులన్నీ పాడైపోయాయి."

"సరిగ్గా బిగించి ఉండవు."

"చేతులు నొప్పెట్టేదాకా బిగించాను."

"అయితే లోపల చెక్కపొట్టు చేరి ఉంటుంది."

"వీడియోలో పొట్టు మాటే ఎత్తలేదే? వెన్నలా కదులుతుందన్నావు."

"కదల్లేదా?"

"కదిలింది. వద్దన్నా కదిలింది."

నోరీన్ వంగి అతని బల్ల కిందికి చూసింది. అక్కడ వేరే లిఫ్ట్ ఉంది, పాతది, బరువైనది.

"ఇదేమిటి?"

"అది నా పనికి."

"మరి నువ్వు మెచ్చుకున్నది?"

"కంపెనీవాళ్ళు ఊరికే పంపారు. బాగాలేదంటే మళ్ళీ ఏమైనా పంపుతారా?"

"ఛీ. కొంటున్నానని ఫోన్ చేసినప్పుడైనా నిజం చెప్పలేకపోయావా?"

"నలుగురికీ చెప్పేస్తావని భయపడ్డాను."

"రెంచి ఇటివ్వు."

"ఎందుకు?"

"నీది నేను పట్టుకుపోతాను. నాది నువ్వు పెట్టుకో."

"అదెలా? దాంతో పని ఎవడు చేసుకోగలడు?"

అనేశాక తన మాట తనకే వినబడి హార్లన్ ఆగిపోయాడు. నోరీన్ చాచిన చెయ్యి దించలేదు. అతను ఆమె మొహం చూడకుండా రెంచి తెచ్చి ఆ చేతిలో పెట్టాడు.