కుక్కల ఎల్లయ్య బిడ్డ

"అవ్వా, మొన్న పెండ్లిల గా ముసలాయన నిన్ను చూసి 'నువ్వు కుక్కల ఎల్లయ్య బిడ్డవు గాదు?' అన్నడు. గట్లెందుకన్నడు?"

ఇన్నవా? నీకు ఇనబడలే అనుకున్న. రికార్డు చేసుకుంటే చేసుకో గని, గా ఫోను జర దూరం పెట్టు బిడ్డా, మూతికాడ పెడితే నాకు మాట రాదు. ఆఁ, గట్ల. కూసో.

తిట్టేం కాదది. అంటే... ఒకప్పుడు తిట్టే. ఇప్పుడు తిట్టేటోల్లు ఎవలున్నరు, అందరు పోయిరి. ఆనవాలు పట్టనీకె అన్నడు ఆయన. ఎల్లయ్య అంటే మా నాయిన, నీకు ముత్తాత. మొన్న పోయినం గద దేవరకొండ దిక్కు, గదే మా తల్లిగారూరు. ఇప్పుడంటే ఇంటిముందటికి ఆటో వస్తాంది. గప్పుడేముండె? గుట్టలు, రాళ్లు, తుమ్మలు. వాన పడితే ఇన్ని జొన్నలు, ఇన్ని ఆముదాలు. పడకుంటే అవి గూడ లేవు.

గా ఊర్లె దొర గడి ఉండె. దొరకు ఏట పిచ్చి. పందులకు, కుందేల్లకు గుట్టల మీదికి పోయెటోడు. గందుకు ఐదు ఏటకుక్కలను పెట్టిండు. సన్న నడుములు, పొడుగు కాళ్లు, ఉరికితే గాలి లెక్క పోయేటియి. గా ఐదిట్ని సూసుకునుడు మా నాయిన పని. తిండి పెట్టుడు, కడుగుడు, ఒంటి మీది గోమార్లు ఏరుడు, పొద్దున మాపు తిప్పుకొచ్చుడు. అంత వెట్టి. మా తాత చేసిండు, ఆయన పోయినంక మా నాయిన మెడల పడ్డది. "ఎల్లిగా!" అని కేకేస్తే చేతిల ముద్ద ఇడిసి ఉరకాలె.

కుక్కలకు గడిలకెల్లి జొన్నపిండి, పాలు వచ్చేటియి. ఐతారంనాడు యాట కోస్తే పేగులు, బొక్కలు. మా అమ్మ, లచ్చమ్మ, గా పిండి రొట్టెలు చేసి పాలల్ల నానేసేది. మాకేమో గటుక. మా అమ్మ ఒక్కొక్కపారి ఇంత పిండి కొంగుల ముడేసుకునేది, నాకోసం. దొంగతనమే, ఏమనుకుంటవో అనుకో. నా ముందట ఇద్దరు పుట్టిండ్రు, ఇద్దరు అమ్మోరు పోసి పోయిండ్రు. నేనొక్కదాన్నే నిలిచిన. ఇంకేం చేస్తది?

ఏం చెప్తున్న? ఆఁ, బుడ్డి. గడిల ఒక కుక్క ఈని సచ్చిపోయింది. పిల్లలు గూడ పోయినయి, ఒక్కటి మిగిలింది. కండ్లు తెరవలేదింకా. దొర "పారెయ్ రా" అన్నడు. మా నాయిన రుమాల్ల సుట్టుకొని ఇంటికి తెచ్చిండు. మా అమ్మ బట్టపేలిక మేకపాలల్ల ముంచి దాని నోట్ల పిండేది. బతికింది! నా గొంగట్లనే పండేది. ఒకటే గిన్నెల మా అమ్మ నాకో ముద్ద, దానికో ముద్ద పెట్టేది. గదే అలవాటైంది దానికి. నేను ఒక తునుక నోట్ల ఏసుకుంటెనే అది మూతి పెట్టేది, లేకుంటే నా దిక్కు చూసుకుంట కూసునేది. బుడ్డి అని పిలిసేటోల్లం. ఎదిగినంక దొర కంట్ల పడ్డది. "ఇది మంచిగున్నది, గడికి తోల్కరా" అన్నడు. ఆయినె దానికి ఇంకేదో పేరు పెట్టుకున్నడు గని, మేము పిలిస్తెనే చెవులు లేపేది.

ఇగ మైసయ్య ముచ్చట చెప్పాలె. మైసయ్య అంటే మా ఇంటెనుక ఇల్లు. మా నాయిన, ఆయిన ఒక్క ఈడోల్లు, చిన్నప్పటి సంది గొర్లెంబడి కలిసి తిరిగినోల్లు. మైసయ్యకు గూడ మా లెక్కనే ఇంత చెల్క ఉండె. మంచి మనిషి... మంచి అంటే నవ్వుకుంట ఉండెటోడేం కాదు, ముక్కు మీద కోపం. ఆయన పెండ్లాము పోచమ్మ. పోచమ్మకు ఒకనాడు తెల్లారంగ నొప్పులు మొదలైనయి. మైసయ్య గడికి కట్టెలు కొట్టనీకె పోవాలె, పోలేదు. మంత్రసానికోసం పక్కూరికి ఉరికిండు. ఆడపిల్ల పుట్టింది. పగటాల్ల గడికొచ్చి, అరుగు కింద నిలవడి "దొరా, గిట్లయింది, బాంచెన్, మాపటికి కొడ్త" అన్నడు.

నేను గాన్నే ఉన్న. కుక్కల నీల్ల గిన్నె తెచ్చిన. మా నాయిన బుడ్డిని తిప్పుకొచ్చి గొలుసు పట్టుకొని నిలవడ్డడు. దొర అరుగు మీద పాన్ నముల్తుండు. మైసయ్యను చూడనన్న చూడలే. "ఎల్లిగా, ఇడువు" అన్నడు.

మా నాయిన ఇడువలే.

"ఇనబడ్తలేదా రా?"

మా నాయిన గొలుసు ఇప్పిండు. ఇప్పి... ఇడిసిండు. ఇడిసిండు గని "ఉస్కో" అనలే బిడ్డా. నేనిన్న గద, ఆయన అనలే. ఉస్కో అన్నది దొర. బుడ్డి పోయి మైసయ్య పిక్క పట్టింది. మా నాయిన ఉరికి దాని నోట్ల చెయ్యి పెట్టి ఇడిపిచ్చిండు. గప్పటికే కండ ఊడింది. గా నెత్తురు జూసి దొర లోపటికి పోయిండు.

గా మాపు మా నాయిన ఆకుపసరు నూరి ఆముదం కలిపి పట్కపోయిండు. పోచమ్మ బాలింత, పొద్దుగాల కన్న మనిషి, గోడ పట్టుకొని లేసొచ్చి తలుపు ఏసింది. మా నాయిన గోడ మీద పెట్టొచ్చిండు. తెల్లారి పోయి చూస్తే ఎట్లుంది గట్లనే ఉంది. మల్ల నూరి పెట్టిండు. నాలుగైదు దినాలైనంక ఒకనాడు గోడ మీద లేదు. తీసుకున్నరు అని ఇంటికొచ్చి మా అమ్మతోని చెప్పుకుంట ఏడ్సిండు. మైసయ్యకు కాలైతే కుదురుకున్నది, గని కుంటుడు పోలే. మా నాయినతోని మాటలు బందైనయి. ఊరంత "కుక్కల ఎల్లయ్య" అనవట్టె. గప్పటి సంది వచ్చింది గా పేరు.

ఇగ దొరల మీద కొట్లాడే సంగం వచ్చింది. నీకు చెప్పిన గద, వడిసెలలు, గుత్ప కట్టెలు, ఆడోల్లు కారంపొడి పట్టుకొని... ఊరూరు లేసింది. మా ఊరోల్లు గూడ ఒకనాడు గడి మీదికి పోయిండ్రు. దొర ముందు దినమే పట్నం పారిపోయిండు. వెట్టి లేదన్నరు. మా నాయిన ఇంట్ల కూసొని నవ్విండు. నాకు యాదికుంది, మా నాయిన నవ్వంగ చూసుడు గదే మొదాలు. ఇగ కుక్కల పని లేదు గద! గని కుక్కలు ఏడికి పోతయి? గడి కొట్టంల అరుసుకుంటున్నయి. మా నాయినకు పానం ఒప్పక, వెట్టి లేకున్నా పోయి తిండి పెట్టొస్తుండె. మా గటుకలకెల్లి.

సంగపోల్లు కచ్చీరుకాడ ఊరందర్ని కూసోబెట్టిండ్రు. "కుక్కలు ఉండొద్దు, తుపాకుల దళం రాత్రి ఊర్లెకు వస్తే అరుస్తయి, పోలీసోల్లకు తెలుస్తది" అన్నరు. దొర కుక్కలే గాదు, ఊరకుక్కలు గూడ. గని ఊరోల్లకు దొర కుక్కల మీదనే కోపం. ఎవలో అన్నరు, "ఎల్లయ్యనే సంపాలె. సంపితే మనోడు. లేకుంటే దొరోడు." మైసయ్యను అడిగిండ్రు, నిన్ను కరిసింది గద, నువ్వేమంటవని. మైసయ్య లేసి, కట్టె ఆనుకొని, "నాకు కుక్కతోని ఏం పని? అది ఇడిస్తే వచ్చింది" అన్నడు. అనుకుంట మా నాయిన మొకం చూసిండు. గంతే, కుంటుకుంట ఎల్లిపోయిండు.

తెల్లారి మా అమ్మ రొట్టెలు చేసింది. నేను ఆడుకొని వచ్చే వరకు ఇల్లంత బెల్లం వాసన. బెల్లం! మా ఇంట్ల బెల్లం ఏడిది? పండుగనాడు గూడ లేదు. నేను ఉరికిపోయి రొట్టె మీద చెయ్యేసిన. మా అమ్మ ఈడ్చి కొట్టింది, చెయ్యి మీద. మా అమ్మ నన్ను ఎన్నడు కొట్టలే. కొట్టి, నా చెయ్యి పట్టుకపోయి బూడిదతోని కడిగింది, కడిగింది, తోలు ఊడేటట్టు కడిగింది. మూలకు చూస్తే ముష్టి గింజలు, గా ఇసపు గింజలు, నూరిన బండ ఉన్నది.

పొద్దు నెత్తిమీదికి వచ్చినంక మా నాయిన ఐదిట్ని గుట్టకిందికి తోల్కపోయిండు. నేను ఎనుక పోయిన. పోవద్దని ఎవలు అనలే. నాలుగు తిన్నయి. ఆత్రం ఆత్రంగ తిన్నయి, గన్ని దినాల సంది కడుపు నిండలే గద. బుడ్డి తినలే. నా దిక్కు చూసుకుంట కూసున్నది.

మా నాయిన నా దిక్కు చూసిండు. "బిడ్డా, నువ్వు పెడితే తింటది" అన్నడు.

నాకు తెల్వదు, చిన్నపిల్ల, దానికేం తెలుసు అనుకున్నరు అందరు. మా అమ్మ సచ్చేదాక గట్లనే అనుకున్నది. మీ అమ్మకు గూడ గట్లనే చెప్పిన నేను. కాదు బిడ్డా. నాకు తెలుసు. చెయ్యి కడిగినప్పుడే తెలిసింది. తెలిసే తునుక ఇరిసిన. నోట్ల ఏసుకున్నట్టు చేసిన, ఉత్తగనే పండ్లు ఆడిచ్చిన. అది నమ్మింది. నా చేతులకెల్లి తిన్నది, తిని నా ఏళ్లు నాకింది. మా నాయిన మల్ల నా చెయ్యి కడిగిండు.

ఆగు... నీల్లు ఇయ్యి జర.

ఇగ దాని ముచ్చట ఇడిసిపెట్టు. అక్కడికి అయిపోతే బాగుండు, కాలేదు. యాడాది తిరిగిందో లేదో, పోలీసు యాక్షనొచ్చింది. మిల్ట్రీ లారీలు, ఎప్పుడు చూడనియి, దుబ్బ లేపుకుంట వచ్చినయి. రజాకార్లు పోయిండ్రు అని జనం సంబురపడ్డరు. గా సంబురం ఎన్ని దినాలు? లారీల ఎనుక జీపుల దొర వచ్చిండు, తెల్లటోపి పెట్టుకొని. సంగంల ఎవలెవలున్నరో చెప్పుమని ఊరందర్ని గడిముందట కూసోబెట్టిండ్రు. మొగోల్ల చేతులు ఎనుకకు కట్టిండ్రు కొందరియి. ఎవలు చెప్తరు? ఎవలు చెప్పలే.

దొర అరుగు మీద నిలవడి, "నా కుక్కలేవి?" అన్నడు. "కుక్కలను సంపినోడే సంగపోడు. వాన్ని పట్టుకుంటే అందరు దొరుకుతరు." అని మా నాయిన దిక్కు మల్లిండు. "ఎల్లిగా, నీ చేతిల పెట్టి పోతిని గదరా?"

మా నాయిన నోరు తెరిసిండు. నేను పక్కనే ఉన్న, ఆయన గొంతుల మాట కదిలింది. గంతల్నే ఎనుకకెల్లి మైసయ్య లేసిండు. "నేను సంపిన. నన్ను కరిసినయి, సంపిన. వీనికేం తెల్వదు, వీడు ఏడ్సిండు గూడ" అన్నడు. కాలు చూపిచ్చిండు. నమ్మకుంట ఎట్లుంటరు? ఊరంతట్ల సంపే హక్కు గాయినకే ఉండె.

మా నాయిన లేవబోయిండు. మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది. ఎట్ల పట్టుకున్నదంటే గోర్లు దిగినయి, నెత్తురొచ్చింది. పక్కకు నన్ను గుంజుకున్నది. మా నాయిన నన్ను చూసిండు. చూసి... కూసున్నడు.

మా అమ్మది తప్పంటవా? నేను గూడ ఇద్దరు పిల్లలను కన్న. నాకు తెల్వదు బిడ్డా.

మైసయ్యను లారీల ఎక్కిచ్చిండ్రు. కుంటికాలుతోని ఎక్కరాకుంటే ఒక సిపాయి కిందికెల్లి ఎత్తిండు. పోచమ్మ పిల్లను సంకల ఏసుకొని లారీ ఎనుక ఊరవతల దాక ఉరికింది. నల్లగొండ జైలుకు కొండవోయిండ్రు అన్నరు. మా నాయిన నడిసిపోయి అడిగొచ్చిండు, గాడ లేడు. ఇంకో జైల్ల ఉన్నడన్నరు ఎవలో. తొవ్వలనే కాల్చిండ్రు అన్నరు ఇంకెవలో. జైల్లకు పోయినోల్లు ఒక్కొక్కరు ఎనుకకు వచ్చిండ్రు. మైసయ్య రాలే.

గా యాడాది సంది మా నాయిన మొదాలు పోచమ్మ చెల్క దున్నేటోడు, ఎనుక మా చెల్క. ఇత్తనం ఏసేటోడు, కోసేటోడు, కుప్ప ఆమె వాకిట్ల పోసొచ్చేటోడు. పోచమ్మ వద్దనలే. రమ్మని గూడ అనలే. ఎన్నేండ్లో! నాకు పెండ్లయింది, మీ తాత ఇంటికొచ్చిన, పిల్లలైండ్రు. గా ఇద్దరు మాట్లాడంగ నేను చూడలే.

మా నాయినకు పానం మీదికొచ్చిందంటే పోయిన. రెండు దినాలైంది, గొంతుల గురక వస్తుండె. పగటాల్ల పోచమ్మ వచ్చింది. గడపల నిలవడ్డది, మల్ల లోపటికొచ్చి మంచం పట్టెమీద కూసున్నది. మా నాయిన గుర్తుపట్టిండు. చేతులు జోడియ్యబోతే లేవలే.

"పోచమ్మా, ఆయన ఎందుకట్ల చేసిండు? నన్ను మాఫ్ చేసిండా?" అని అడిగిండు. గన్నేండ్లు గదే అడగాల్నని ఉండె కావొచ్చు ఆయనకు.

పోచమ్మ ఏమన్నదో ఎరికేనా? "నాకేం తెలుసు ఎల్లన్నా. ఊరంత గాయినను దేవుడంటరు. నన్నడిగిండా లేసేటప్పుడు? సంకల పిల్ల ఉండె. ఎనుకకు తిరిగి ఒక్కపారి చూసిండా?" అన్నది. కోపంగ గాదు బిడ్డా, ఇంట్ల మనిషితోని చెప్పుకున్నట్టు చెప్పింది. అని, చెంబులకెల్లి ఏలుతోని మా నాయిన నోట్ల నీల్లు పోసింది. పొద్దు గూకేదాక గాన్నే కూసున్నది. మా నాయిన పోయినంక ఆయన కండ్లు మూసింది గూడ ఆమెనే.

మైసయ్య మనసుల ఏముండెనో ఎవలకు తెల్వదు. నేను గన్నిపార్లు అనుకున్న...

ఏం లేదులే. ఏడుస్తున్నవా? ఏడ్వకు, పాతయి ఇవన్ని. ఇటు రా, తల దగ్గరికి పెట్టు. నూరేండ్లు సల్లగుండు బిడ్డా. నీ ఇంట్ల ఎవ్వలకు గసుంటి దినం రావొద్దు. అగో, మీ అమ్మ పిలుస్తాంది. పో, ఇంత తినిపో. నేను జరసేపు గిట్లనే కూసుంట.