చాక్‌పీసు చప్పుడు

"ఆ టీ గ్లాసు కాస్త కింద పెట్టి చెప్పండి సార్. మీ క్లాసులో ఒక పిల్ల బోర్డు వైపు చూడనే చూడదనుకోండి, ఏం చేస్తారు?"

ట్రైనింగ్ సెంటరు గేటు ఎదుట టీ కొట్టు. బెంచీ మీద ఓ పెద్దవయసు మాస్టారు చేతులూపుతూ అడిగిన మాటకి పక్కనున్న లెక్కల మాస్టారు గ్లాసు దించాడు. "చూడమని చెబుతాను."

"అదిగో! అందరూ చేసే తప్పే అది. చెప్పీ చెప్పీ మీ గొంతు పోతుంది గానీ ఆ పిల్ల చూడదు. నేనేం చేశానో వినండి. ఎలాగూ ఇంకాసేపట్లో హాల్లో అందరి ముందూ చెప్పబోయేదే. ఈ సెంటరు పెద్దసారు కూడా వస్తున్నారు, నచ్చితే నన్ను ఇక్కడే ట్రైనరుగా వేసేస్తానన్నారు. మీరు మనవాళ్ళు కాబట్టి ముందే చెబుతున్నా. రామ్మా, నువ్వూ ఇటు జరుగు, మొహమాటపడకు."

బెంచీ చివర కూర్చున్న కొత్త టీచరమ్మ కొంచెం జరిగింది. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, పొద్దుట్నుంచీ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

"నిరుడు ఇదే హాల్లో నన్ను నిలబెట్టి లెసన్ ప్లాన్ చదవమన్నారండీ. 'విద్యార్థులు పాఠాన్ని అవగాహన చేసుకుంటారు' అని లక్ష్యం రాశాను. అందరం రాసేదేగా! ఆ ట్రైనరు మేడమ్, మా అమ్మాయంత ఉంటుందేమో, 'అవగాహన చేసుకున్నారని మీకెలా తెలుస్తుంది మాస్టారూ, మొహం మీద మొలుస్తుందా?' అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఇన్నేళ్ళ సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. అన్నం కూడా ఓ మూలకెళ్ళి ఒక్కణ్ణే తిన్నాను. సర్లెండి, అది కథ కాదు."

"మేమూ విన్నాంలెండి ఆ సంగతి," అంది ఎదురు బెంచీ మీది సైన్సు టీచరమ్మ.

"మీ దాకా వచ్చిందా? మంచి మాట చెప్పులు వేసుకునేలోపు ఇలాంటివి ఊరు తిరిగొస్తాయి. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా. ఇకమీదట నేను రాసే లక్ష్యం అద్దంలా ఉండాలి, ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎలా చేస్తారు, దారిన పోయేవాడు చూసినా జరిగిందో లేదో చెప్పేలా ఉండాలి అని. బడికెళ్ళగానే మొత్తం క్లాసుని మూడు రకాలుగా విడదీశాను. చూసి నేర్చేవాళ్ళు, విని నేర్చేవాళ్ళు, చేసి నేర్చేవాళ్ళు. నిరుడు చెప్పిందే, పొద్దున మళ్ళీ చెప్పారుగా మనకి. ఒక్క చూపు చాలు నాకు, ఎవరే రకమో ఇట్టే పట్టేస్తా.

అప్పుడు దొరికిందండీ నాకా పిల్ల. అసలు పేరెందుకులెండి, నేను ముద్దుగా చెవులమ్మ అని పిలుస్తా. బోర్డు మీద రాస్తుంటే కళ్ళు చికిలిస్తుంది, తర్వాత మూసేసుకుంటుంది. తల ఓ పక్కకి వంచుతుంది. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూస్తుంది, అదొక దురలవాటు. చూడగానే అర్థమైపోయింది నాకు, ఇది నూటికి నూరుపాళ్ళూ విని నేర్చే రకం. ఇలాంటి పిల్లకి బోర్డెందుకు, దండగ! తీసుకెళ్ళి వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. లక్ష్యం రాశాను, చూడండి ఎంత స్పష్టంగా ఉందో: 'పీరియడ్ ముగిసేసరికి ఈ విద్యార్థిని, వెనక బెంచీలో కూర్చుని, బోర్డు వైపు చూడకుండా, చెప్పిన పాఠాన్ని తప్పు లేకుండా అప్పజెబుతుంది.' ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అప్పజెప్పిందా?"

"అక్షరం పొల్లు పోకుండా! మధ్యలో నేను దగ్గితే ఆ దగ్గు కూడా అప్పజెప్పింది."

లెక్కల మాస్టారు నవ్వాడు. "ఊరుకోండి మాస్టారూ."

"నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు. ఓ రోజు నోరు మెదపకుండా బోర్డు మీద లెక్కలు రాస్తున్నా. వెనక నుంచి చెవులమ్మ, 'ఇప్పుడు రాసింది ఎనిమిది కదా సార్' అంది. కళ్ళు మూసుకునే ఉందండోయ్! చాక్‌పీసు చప్పుడు విని చెప్పేసింది. ఎనిమిదైతే చుట్టి చుట్టి మోగుతుందిట, ఒకటైతే సర్రున దిగుతుందిట. నేను వెంటనే లక్ష్యం మార్చి రాశాను, 'చాక్‌పీసు చప్పుడుని బట్టి అంకెలు గుర్తిస్తుంది' అని. వారం తిరక్కుండా నెరవేరింది. ఆ పై వారం గోడ అవతల క్లాసులో సారు లెక్క చేస్తుంటే ఇక్కణ్ణించి అరిచింది, 'సార్, ఆయన అప్పు తెచ్చిన ఒకటి తియ్యడం మర్చిపోయారు' అని. వెళ్ళి చూస్తే నిజమే! పాపం ఆయన నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు."

"గోడ అవతల చాక్‌పీసా!" అంది సైన్సు టీచరమ్మ.

"గోడ ఒక లెక్కా ఆ పిల్లకి? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి పెన్నుతో కాగితం మీద రాసుకుంటుంటే, చెవులమ్మ లేచి నిలబడి, 'సార్, మీరు పరవాలేదు అని రాసి, కొట్టేసి, చాలా బాగుంది అని రాశారు' అంది. ఆయనకి చెమటలు పట్టాయి. అక్కడితో ఆగిందా? ఓ మధ్యాహ్నం చెవి రిక్కించి, 'దూలంలో చెదలు నములుతున్నాయి సార్, ఇవాళ అవి పెద్ద ముద్ద తింటున్నాయి' అంది. పిల్లల్ని బయటికి తోలానో లేదో, కప్పు ఫెళ్ళున కూలింది! బడి మొత్తాన్ని కాపాడింది నా లక్ష్యం. మధ్యమధ్యలో తలనొప్పి అని ఏడుస్తుందనుకోండి. మరి అన్ని చప్పుళ్ళు ఆ బుల్లి బుర్రలో పడితే నొప్పెట్టదూ?

ఇక ఇప్పటి సంగతి వింటే కళ్ళు తిరుగుతాయి. నేను ఇంట్లో మంచం మీద పడుకుని రేపటి పాఠం మనసులో అనుకుంటానా, చెవులమ్మ వాళ్ళింట్లో పడుకునే వినేస్తుంది. పొద్దున బడికొచ్చి తక్కిన పిల్లలకి అప్పజెప్పేస్తుంది. నేను వెళ్ళినా, వెళ్ళకపోయినా పాఠం జరిగిపోతుంది!"

"అయితే ఇక మీకు జీతం దేనికి మాస్టారూ?" అన్నాడు లెక్కల మాస్టారు. అందరూ పడీపడీ నవ్వారు. కథ చెబుతున్న మాస్టారూ నవ్వాడు.

కొత్త టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ పిల్ల మా అక్క కూతురండీ," అంది.

"ఎవరు?"

"మీ చెవులమ్మ. మీరలా పిలుస్తారని ఇంట్లో చెప్పింది. మొన్న సెలవుల్లో మా ఇంటికొచ్చింది. వీధి అవతల నుంచి నేను చెయ్యి ఊపుతుంటే ఎవరో అనుకుని తలొంచుకుని వెళ్ళిపోయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చాలా పవర్ ఉందని అద్దాలు రాశారు, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చిందమ్మా అని నన్నే తిట్టారు."

మాస్టారి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "కళ్ళా? అబ్బే, అది కాదమ్మా, విని నేర్చే రకం పిల్లలకి చూపు కాస్త... మరి అప్పజెప్పేదిగా! ఎవర్నైనా అడుగు, తప్పు లేకుండా అప్పజెప్పేది."

"అప్పజెప్పేదండీ. వినడం తప్ప దానికి ఇంకో దారేముంది? మీరు రాసిన లక్ష్యం నెరవేరుతూనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చాక్‌పీసు చప్పుడు మాట కూడా నిజమే. చప్పుడు ఆగితే లైను అయిపోయినట్టని, అప్పుడు పక్కపిల్ల దగ్గర చూసి రాసుకునేది. ఆ పక్కపిల్లనీ మీరు లేకుండా చేశారు."

సైన్సు టీచరమ్మ చల్లారిన టీ తాగేసింది. తన క్లాసులోనూ పిల్లల్ని మూడు రకాలుగా కూర్చోబెట్టాలని పొద్దున్నే అనుకుంది ఆవిడ. మాస్టారు ఇందాకటి నుంచీ గాల్లో ఆడిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సిగ్గుగా ఉందమ్మా," అన్నాడు చివరికి. "నిరుడు హాలంతా నవ్వినప్పుడు కూడా ఇంత లేదు. పోనీలే, అద్దాలు ఇప్పించావుగా. ఇప్పుడు బాగానే కనిపిస్తోందా?"

"ఇంట్లో కనిపిస్తోందండీ."

"అంటే?"

"బళ్ళో తీసేసి సంచీలో పెట్టుకుంటోంది. ఇప్పటికీ ఆ వెనక బెంచీలోనే, ఒక్కతే. ముందు కూర్చుంటానని అడగవే అంటే వినదు. 'సారు నా గురించి అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నారు పిన్నీ, నాకు కనిపించకపోవడం వల్లే అదంతా అని తెలిస్తే సారు చిన్నబోతారు' అంటుంది."

గేటు దగ్గర నుంచి ఎవరో కేకేశారు, పెద్దసారు వచ్చేశారు, మాస్టారు ఎక్కడ అని. ఆయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"లోపలికెళ్ళి నేనేం చెప్పనమ్మా ఇప్పుడు?"

"అది నాకు తెలీదు మాస్టారూ. ఆ పిల్లకి మాత్రం అద్దాలు పెట్టుకోమని మీరే చెప్పాలి. మేం చెబితే వినడం లేదు."