లండన్‌లో కడప ఎండ

వేంపల్లె బస్టాండు పక్కన గిడ్డమ్మ టీ అంగడిలో ఓబులేసు సారు బల్ల మీద కూర్చుని గ్లాసు అందుకున్నాడంటే, ఆ టీ చల్లారేలోపు కథ మొదలవుతుందనీ, చల్లారినా పూర్తి కాదనీ ఊరంతటికీ తెలుసు. హైస్కూల్లో సైన్సు చెబుతాడు. అందరూ ఆయన్ని డాక్టరు సారనే పిలుస్తారు. సూదులు వేసే డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. సముద్రం ఒడ్డున ఉండే యూనివర్సిటీలో ఐదేళ్ళు రాళ్ళ మీద రీసెర్చి చేసి వచ్చినవాడు తాలూకా మొత్తానికి ఆయనొక్కడే.

అందుకే ఆ రోజు కంబన్న ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. కంబన్న ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఆ ఏడు ఆనర్సు పాసయ్యాడు. జేబులో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి అదే యూనివర్సిటీలో రీసెర్చికి సీటు ఇస్తామని. రెండోది కర్నూలు కలెక్టరాఫీసులో గుమాస్తా పని. దేనికి ఒప్పుకుంటాడో ఆ జవాబు నాలుగు గంటల కడప బస్సులో పోయే తపాలా సంచిలో పడాలి. విజ్ఞానం ప్రజల సొత్తు అని కాలేజీ గోడల మీద సున్నంతో రాసినవాడు కంబన్న. అలాంటివాడికి గుమాస్తా కుర్చీ అంటే సంకెళ్ళే. కానీ ఐదేళ్ళు రాళ్ళు చూస్తూ కూర్చుంటే ఈ ఎండిన సీమకు ఒరిగేదేమిటన్నది కూడా అతనికి తెగలేదు. అదే అడిగాడు. ఐదేళ్ళు పెట్టవచ్చునా సార్ అని.

బయట మెట్టు మీద బండి తోలే మౌలా సాహెబ్ సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఎద్దులు కింద పడ్డ చింతతొక్కల వాసన చూస్తూ నిలబడి ఉన్నాయి.

“నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదప్పా,” అని మొదలుపెట్టాడు ఓబులేసు. “ఉన్నదున్నట్టు చెప్తాండా. యాభై ఒకటో సంవత్సరం. చేతిలో సుత్తి, భుజాన సంచి, నెత్తిన ఎండ. గండి పక్క కొండలన్నీ తిరిగినా. పొద్దున ఎక్కితే పొద్దు గూకేలోపల ఇరవై రాళ్ళు కొట్టేవాణ్ణి. ఏ రాయి యాడ కొట్టినానో చీటీ రాసి దానికి కట్టేది, పటంలో గుర్తు పెట్టేది. రీసెర్చంటే అంతే.”

ఇంతవరకు కంబన్నకు నమ్మకంగానే ఉంది.

“రెండో ఏటికి చెవి కుదిరింది. సుత్తితో తడితే చాలు, రాయి తన కులం గోత్రం చెప్పేస్తాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు కొండ కొమ్మున పెద్ద గుండును ఒకటేసినా. గంట మాదిరి మోగింది. ఆ మోతకు ఇస్కూలు గంటే అనుకోని చక్రాయపేటలో పిల్లోళ్ళనంతా ఇండ్లకు ఇడిసిపెట్టినారు.”

“ఆ పొద్దు ఆదివారమేమో అయివోరా,” అంది గిడ్డమ్మ పొయ్యి ఎగదోస్తూ.

“ఆదివారమే. సోమవారం దాకా మోగిందది.”

అక్కడి నుంచి ఆయన యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. గొంతు మెత్తబడింది. రేకుల షెడ్డు ఒకటి ఉండేదట. అందులో ఆయనా, ఇద్దరు స్నేహితులూ మైక్రోస్కోపు కింద చూడడానికి పగలంతా రాళ్ళను పలుచగా అరగదీసేవాళ్ళు. రాతిపొడి మీసాలకూ కనుబొమలకూ అంటి, భోజనానికి వెళితే హాస్టలు వంటమనిషి పిండిమరవాళ్ళు వచ్చినారని ఆకులు వేసేవాడు. సాయంత్రం ముగ్గురూ ఒకే సైకిలు మీద సముద్రం దాకా వెళ్ళి, నీళ్ళు చూడడం అలవాటు లేని సీమవాళ్ళు కనక, చీకటి పడేదాకా మాట్లాడకుండా చూసేవాళ్ళు. హనుమన్న ఇప్పుడు అస్సాంలో చమురు బావుల దగ్గర ఉన్నాడు. పెద్ద ఈరన్న సర్వే శాఖలో గుడారం వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతున్నాడు. ఓబులేసు ఆ ఇద్దరి పేర్లూ చెప్పి రోడ్డు వైపు చూశాడు. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

“మరి తమరు ఎంత పలుచగా అరగదీసినారు సార్?” అన్నాడు కంబన్న, ఆయన్ని మళ్ళీ కథలోకి లాగుతూ.

“అట్లడుగు. తొలి ఏడు అరగదీస్తే రాయిలోనుంచి పేపరు చదవొచ్చు. రెండో ఏడు, రాయిని కంటికి పెట్టుకుంటే కొండవతల మేకలు మేస్తాండేది కనపడె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకా రుద్దితి. రెండో పక్క అరిగిపోయింది. రాయికి ఒక్క పక్కే మిగిలింది.”

“ఒక్క పక్కుండే రాయిని యాడ పెట్టినావయ్యా?”

“అదే గదా గిడ్డమ్మా కష్టం. పెట్టేదానికి రెండో పక్క యాడిది? చేత్తో పట్టుకోనే నిలబడితి.”

ఇక థీసిస్ లండన్‌కు పోయింది. పరీక్షించే దొర అక్కడుంటాడు. కాగితాలు చాలవు, ఆ కొండ రాళ్ళు కూడా పంపమని దొర రాశాడు. కంబన్న పళ్ళు బిగించాడు. స్వరాజ్యం వచ్చిన తర్వాత కూడా, గండి కొండలో ఏముందో ఒప్పుకోవడానికి లండన్ ముద్ర కావలసి వచ్చింది.

“నలభై రాళ్ళు కొట్టి పంపితి. మద్రాసులో పెట్టెలెక్కించంగానే ఓడ ఒక పక్కకు ఒరిగె. కెప్టెను తంతి కొట్టినాడు, ఒక్క రాయైనా తీసెయ్యి సామీ అని. ఒక్కటి తీస్తే కొండ కథ చెడిపోతాదంటి. సముద్రంలో చేపలన్నీ ఒరిగిన పక్కన చేరి ఓడను నిలబెట్టుకోని లండన్ దాకా పోయినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర పెట్టె మూత తీసినాడు. రాళ్ళలో దాగిన మన కడప ఎండ ఒక్కసారిగా బయటికొచ్చె. లండన్‌లో మూడు వీధుల మంచు కరిగిపోయె. దొర కోటిప్పేసి, డాక్టరు ఓబులేసు అని కాగితం మీద రాసి, చెమట తుడుచుకున్నాడు. ఢిల్లీ పిలిచింది, కలకత్తా పిలిచింది. మా పిల్లోళ్ళకు పాఠం చెప్పేవాళ్ళు లేరని ఈడికొస్తి.”

మౌలా సాహెబ్ ఖాళీ సాసరు మెట్టు మీద బోర్లించాడు.

“అయివోరా, ఓడెక్కిన పెట్టెలు నేను ఎర్రగుంట్ల టేసనుకు తోలినవేనా?”

“నువ్వు తోలినవే. నీ బండి చేసుకున్న పుణ్యం.”

“అయితే వాట్లో గండి కొండ ఎండ యాడుంటాది? ఆ రాళ్ళు నేను ఈడనే దించేస్తిని గదా.”

గిడ్డమ్మ పకాలున నవ్వింది. మౌలా నవ్వలేదు. పాత సంగతి ఒక్కొక్కటే చెప్పాడు. ఆ వేసవిలో ఒక ఎద్దుకు కాలు కుంటు. నలభై రాళ్ళు, ఒక్కొక్కటి కొబ్బరికాయంత. ఊరు దాటాక రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర అన్నీ కిందికి దొర్లించాడు. ఎర్రగుంట్లలో స్టేషను దగ్గరే నేల పరిచే నాపరాయి కోసే గని ఉంది. పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిలో నలభై ఏరి, సారు రాసిన చీటీలు ఒక్కటి కూడా పోగొట్టకుండా వరసగా కట్టి, పెట్టెల్లో వేసి మేకులు కొట్టించాడు.

“ఎద్దు నొచ్చుకుంటాదని. యాడి రాయైనా రాయే గదా అనుకుంటి.”

ఓబులేసు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఎవరివైపూ చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. “పటంలో పదకొండు రకాల రాళ్ళు చూపినారు. పంపిన నలభై రాళ్ళూ ఒక్క రకమే. పటం కల్పితం. అంతే రాసినాడప్పా ఆ దొర. పట్టా రాలేదు. అంతలోకే స్కాలర్షిప్పు నిలిచిపోయింది. ఊరోళ్ళు డాక్టరంటే కాదనలేదు, అదే నేను చేసిన తప్పు.”

గిడ్డమ్మ నవ్వు ఆగిపోయింది.

“ఏడేండ్ల నుంచి నా కండ్లే నన్ను మోసం చేసినాయేమో అనుకుంటాండా.” ఆయన చేతులు తిప్పి చూసుకున్నాడు. “అట్లయితే పటం తప్పు కాదు. ఒక్క మాట నన్నడిగుండొచ్చు గదా మౌలా.”

“అడిగినా అయివోరా. ఈ రాళ్ళెందుకని అడిగినా. మోసేవానికి నీకెందుకంటివి.”

కంబన్న నోటి నిండా నినాదాలున్నాయి. ప్రజల సొత్తు అని తను రాసిన గోడ గుర్తొచ్చింది. దాని కిందనే రోజూ బండ్లవాళ్ళు ఎద్దులను విప్పేవాళ్ళు. అక్కడ ఏం రాసిందీ వాళ్ళలో ఒక్కడికీ చదివి వినిపించలేదు.

బస్సు హారను కొట్టింది. అతను కార్డు తీసి పెన్సిలుతో రెండు వరసలు రాశాడు. రీసెర్చికే పోతాండా సార్ అన్నాడు.

“పో. రాళ్ళు మాత్రం నువ్వే మోసుకో.”

“అట్ల చెప్పొద్దు అయివోరా,” అన్నాడు మౌలా. “బండోళ్ళేం తినాల? తోలించుకోనీ. ఎందుకో చెప్పి తోలించుకోమను.”

కంబన్న కార్డు సంచిలో వేయించి తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఓబులేసు సారు పంచె ఎగగట్టి బండెక్కి కూర్చున్నాడు. మోరీ దగ్గర ఆ రాళ్ళు ఇంకా ఉంటాయా అని సారు అడిగితే, రాళ్ళను ఎవరెత్తుకపోతారన్నాడు మౌలా ఎద్దులను కాడికి కడుతూ. బండి కదిలింది. దుమ్ములోంచి సారు గొంతు మళ్ళీ లేచింది.

“మౌలా, ఎర్రగుంట్ల నాపరాళ్ళకే మూడు వీధుల మంచు కరిగిందే, గండి రాళ్ళు పోయింటే ఏమయ్యేదో తెలుసా?”

“తెలీదు అయివోరా. ఈసారన్నా చెప్పు.”